సర్వీసు వైరు సన్నం, సోలార్ పెద్దది: మే మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగిపోయే కథ

ఏప్రిల్ ఆఖరుకల్లా యాసంగి కోతలు అయిపోతాయి. నర్సంపేట, పరకాల, హుజూరాబాద్ వైపు పొలాల్లో బోరు మోటర్లు ఒక్కొక్కటే బందవుతాయి. సరిగ్గా అప్పుడే ఎండ ముదురుతుంది. మార్చిలో బ్రహ్మాండంగా నడిచిన 5 కిలోవాట్ల సోలార్, మే వచ్చేసరికి పొద్దున పదకొండున్నరకు ఆగిపోవడం మొదలుపెడుతుంది. ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి, లైనుకు పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ మీద ఎర్ర దీపం, తెర మీద 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్', అంటే లైనులో వోల్టేజ్ ఎక్కువైందని. కాసేపాగి తనంతట తానే కలుస్తుంది, నిమిషం తిరగకుండా మళ్లీ తెగుతుంది. రెండున్నర దాటాక బుద్ధిగా నడుస్తుంది. ఇంటివాళ్లు ప్యానెళ్లు నాసిరకమంటారు. బిగించినవాళ్లు కరెంటు లైనే బాగాలేదంటారు. లైన్‌మన్ వచ్చేసరికి సాయంత్రమవుతుంది, మీటరు దగ్గర 236 వోల్టులు చూసుకుని అంతా మంచిగనే ఉందని వెళ్లిపోతాడు.

నిజానికి ప్యానెళ్లలో లోపం లేదు, ఇన్వర్టర్‌లోనూ లేదు. లైను కూడా తనను దేనికోసం వేశారో ఆ పనికి సరిగ్గానే ఉంది. కాకపోతే దాన్ని వేసింది కరెంటు ఊళ్లోకి తేవడానికి, ఊళ్లోంచి తీసుకుపోవడానికి కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ మీద 11 కేవీకి (11 వేల వోల్టులు) ఎదురుగా 433 వోల్టులని ఉంటుంది. అది రెండు ఫేజుల మధ్య లెక్క. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూస్తే 250. అంటే లోడు లేని వేళ, 11 కేవీ నిండుగా ఉన్నప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ పక్క ఇంట్లో 250 వోల్టులు కనిపించినా వింత లేదు. చివరి ఇంటికి చేరేలోపు తీగలో కొంత పడిపోతుంది కాబట్టి మొదట్లోనే కాస్త ఎక్కువ పెట్టి పంపుతారు. గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్ మాత్రం 230కి పది శాతం పైన, అంటే 253 వోల్టులు దాటితే 2 సెకన్లలోపు తెగిపోవాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన అది. 250కీ 253కీ మధ్య ఉన్న ఈ మూడు వోల్టుల సందులోనే చాలా ఇళ్ల సోలార్ ఇరుక్కుంటోంది.

ఇంట్లోకి కరెంటు వస్తున్నప్పుడు తీగ నిరోధం వల్ల వోల్టేజ్ ఎంత పడుతుందో, అదే కరెంటు బయటికి పోతున్నప్పుడు అంతే పెరుగుతుంది. ప్యానెళ్ల కరెంటు లైనులోకి వెళ్లాలంటే ఇన్వర్టర్ లైను కంటే కాస్త ఎక్కువ వోల్టేజ్‌తో నెట్టాలి. తీగ సన్నగా, పొడుగ్గా ఉన్నకొద్దీ ఎక్కువ నెట్టాలి. యాసంగిలో చుట్టూ మోటర్లు నడుస్తుంటే లైను 215 దగ్గరుంటుంది, అక్కడ పదిహేను వోల్టులు పెరిగినా ఎవరికీ పట్టదు. మోటర్లు ఆగి లైను 240కి ఎక్కాక అవే పదిహేను వోల్టులు గీత దాటిస్తాయి.

కాగితం మీది పరిమితి, తీగలో ఉన్న పరిమితి

తక్కువ సప్లై మీద పెద్ద సోలార్ అనగానే అందరి దృష్టీ శాంక్షన్డ్ లోడు, అంటే ఆ సర్వీసుకు మంజూరైన కిలోవాట్ల మీదికి పోతుంది. 2 కిలోవాట్ల సర్వీసు మీద 8 కిలోవాట్లు పెట్టనిస్తారా అన్నది మొదటి ప్రశ్న. ఇది అన్నిటికంటే తేలిగ్గా తీరేది. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఇంటి మీది సోలార్ దరఖాస్తును సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క. దానికి తగ్గట్టు శాంక్షన్డ్ లోడు పెంచే పని డిస్కమ్‌దే, అంటే కరెంటు పంపిణీ సంస్థదే. 5 కిలోవాట్ల వరకైతే లైను బలోపేతం ఖర్చు కూడా డిస్కమే పెట్టుకోవాలి. ఉత్తర తెలంగాణ మొత్తానికి ఆ డిస్కం కార్యాలయం హనుమకొండలోనే ఉంది, ఫైలు ఎక్కడో రాజధానిలో తిరగాల్సిన అవసరం లేదు.

పరిశీలన లేకుండా ఆమోదం వచ్చిందంటే తీగ లావైనట్టు కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంతకుముందు డిస్కం ఇంజినీరు (ఏఈ) వచ్చి ఆ స్తంభం మీద ఇంత పట్టదని చెప్పే అవకాశమన్నా ఉండేది. ఇప్పుడు ఆ మాట మే మధ్యాహ్నం ఇన్వర్టర్ చెబుతోంది, అప్పటికి డబ్బు కట్టేసి ఉంటారు.

మూడోది ట్రాన్స్‌ఫార్మర్ పరిమితి. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు 84 ఆంపియర్లు మోస్తుంది, 25 కేవీఏది 33 మాత్రమే. 10 కిలోవాట్లను సింగిల్ ఫేజులో నెడితే అది 43 ఆంపియర్లు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క ఫేజు మీద అంత పెట్టడం కుదరని పని. 5 కిలోవాట్లు దాటితే త్రీ ఫేజు అడగడానికి ఇదొక కారణం. దీనికంటే పెద్ద కారణం ఇంకోటుంది, ముందు కొలత సంగతి.

గీజరుతో కొలత

ప్యానెళ్లకు బయానా ఇచ్చేముందు పది నిమిషాల పని ఒకటుంది. కావల్సినవి ఒక మల్టీమీటరు, 2 కిలోవాట్ల గీజరు. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య ఇంట్లో పెద్ద లోడ్లన్నీ ఆపి మెయిన్ స్విచ్ దగ్గర వోల్టేజ్ చూడాలి. గీజరు వేసి మళ్లీ చూడాలి. లైను వోల్టేజ్ దానంతటదే ఆడుతూ ఉంటుంది కాబట్టి నాలుగైదు సార్లు వేసి ఆపి, తేడాల సగటు తీసుకోవాలి. మల్టీమీటరు ముల్లులు పెట్టేది కరెంటు ఉన్న తీగల మీద. అలవాటు లేనివాళ్లు పక్కనే ఉన్న సాకెట్లో పెట్టుకునే డిజిటల్ వోల్టుమీటరు వాడుకుంటే చాలు. కాకపోతే ఆ సాకెట్ గీజరు లైను మీదిది కాకూడదు. అదే లైనైతే ఇంటి లోపలి వైరింగులో పడే వోల్టులు కూడా లెక్కలో కలిసిపోతాయి.

గీజరు ముందు 240, వేశాక 233 అనుకుందాం. ఏడు వోల్టులు పడ్డాయి. గీజరు లాగింది సుమారు 8.7 ఆంపియర్లు. ఏడును దానితో భాగిస్తే 0.8 ఓములు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటిదాకా, మళ్లీ న్యూట్రల్ మీదుగా వెనక్కి ఉన్న మొత్తం నిరోధం అదే. 5 కిలోవాట్ల సింగిల్ ఫేజు ఇన్వర్టర్ నెట్టేది 21.7 ఆంపియర్లు, గీజరుకు రెండున్నర రెట్లు. కాబట్టి గీజరు ఏడు వోల్టులు దించితే ఆ ఇన్వర్టర్ పదిహేడున్నర ఎక్కిస్తుంది. 240కి 17 కలిపితే 257. బిగించకముందే ఫలితం తెలిసిపోయింది.

ఈ 0.8 ఎక్కడిదో విడదీస్తే ఏం మార్చాలో తెలుస్తుంది. స్తంభం నుంచి మీటరుకు 40 మీటర్లు, 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు అనుకుంటే, అది కిలోమీటరుకు 3.08 ఓములు. రానుపోను 80 మీటర్లకు దాదాపు 0.25. స్తంభం నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు 300 మీటర్లు వీజల్ కండక్టరు (స్తంభాల మీది అల్యూమినియం తీగల్లో ఒక రకం), కిలోమీటరుకు సుమారు 0.9 ఓములు, రానుపోను 0.55. రెండూ కలిపితే గీజరు చెప్పిన అంకెకు దగ్గరగా వస్తుంది. ఎండకు కాగిన తీగలో ఇంకో పది, పదిహేను శాతం వేసుకోవాలి. లెక్కలో 0.8 రావాల్సిన చోట గీజరు 1.3 చూపిస్తే, ఎక్కడో జంపరో (స్తంభం మీద తీగలను కలిపే ముక్క) లగ్గో (తీగ కొసకు బిగించే లోహపు తొడుగు) వదులుగా ఉంది. లైన్‌మన్‌ను పిలవాల్సింది అప్పుడు, అంకె చేతిలో పెట్టుకుని. 'వోల్టేజ్ ఎక్కువొస్తుంది సార్' అన్న మాటకు పని జరగదు. 'ఎనిమిది ఆంపియర్లకు పదకొండు వోల్టులు పడుతోంది, న్యూట్రల్ జంపరు చూడండి' అంటే నిచ్చెన స్తంభానికి ఆనుతుంది.

న్యూట్రల్ అన్న మాట ఊరికే రాలేదు. పాత లైన్లలో అన్నిటికంటే ముందు పాడయ్యేది న్యూట్రల్ జాయింటే. అది వదులైతే ఒక ఫేజు ఇళ్లలో బల్బులు మిరుమిట్లు గొలుపుతాయి, ఇంకో ఫేజు ఇళ్లలో ఫ్యాన్లు ఈడుస్తూ తిరుగుతాయి. ఊళ్లో ఈ లక్షణం కనిపిస్తుంటే సోలార్ మాట తర్వాత, ముందు దాన్ని సరిచేయించాలి.

గీజరు వేసినప్పుడు పడే తేడా ఏ నెలలోనైనా దాదాపు ఒకటే. మారేది మొదటి అంకె. ఫిబ్రవరిలో కొలిచి 232 చూసి సంతోషపడితే లాభం లేదు. మే మధ్యాహ్నం, లేదా వానకాలంలో వరసగా వానలు పడి మోటర్లు ఆగిన తర్వాత వచ్చే తెరిపి రోజు, ఆదివారమైతే ఇంకా మంచిది, అప్పటి అంకె కావాలి. అది 246 అయితే మిగిలింది ఏడు వోల్టులే. 0.8 ఓముల మీద ఏడు వోల్టులంటే తొమ్మిది ఆంపియర్లు కూడా కాదు, గట్టిగా 2.2 కిలోవాట్లు.

ఆరో వంతు

అదే 5 కిలోవాట్లను త్రీ ఫేజు ఇన్వర్టర్‌తో నెడితే ఫేజుకు 7.2 ఆంపియర్లు. కరెంటు మూడో వంతైంది. పైగా మూడు ఫేజులూ సమానంగా ఉంటే న్యూట్రల్‌లో ఏమీ పారదు, అంటే వెనక్కి వచ్చే దారి నిరోధం లెక్కలోంచి పోయింది. మూడో వంతులో సగం, ఆరో వంతు. పదిహేడు వోల్టులు మూడుకు దిగాయి. అదే లైను మీద 10 కిలోవాట్లు పెట్టినా పెరిగేది ఆరు వోల్టుల లోపే. సోలార్ పెద్దదైనకొద్దీ ఇంత లాభమిచ్చే మార్పు ఇంకోటి లేదు. అయినా సింగిల్ ఫేజు ఇన్వర్టర్ చవకని, త్రీ ఫేజు మీటరున్న ఇళ్లకు కూడా దాన్నే అంటగట్టడం మామూలైపోయింది.

త్రీ ఫేజుకు ఒక ఇబ్బంది ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోతే మొత్తం ఇన్వర్టర్ ఆగుతుంది. ఎండాకాలం ఈదురుగాలులకు వారానికోసారి ఒక ఫేజు పోయే ఊళ్లలో దీన్ని లెక్కలో పెట్టుకోవాలి. అయినా వారానికి ఒక పూట పోవడం, రోజూ మూడు గంటలు పోవడం ఒకటి కాదు.

త్రీ ఫేజు దొరకని చోట, స్తంభం దాకా సింగిల్ ఫేజు తీగలే ఉన్న వాడల్లో, సర్వీసు వైరు మార్చుకోవచ్చు. 10 స్థానంలో 16 చదరపు మిల్లీమీటర్లు వేస్తే పైన చెప్పిన 40 మీటర్లకు 5.4 వోల్టులు 3.3కు దిగుతాయి, 25 వేస్తే 2.1కి. ఎంతో కొంత నయమే గానీ, ట్రాన్స్‌ఫార్మర్ దూరంగా ఉంటే అసలు రోగం సర్వీసు వైరులో లేదు.

ఇంటి లోపల పోతున్న వోల్టులను ఎవరూ లెక్కపెట్టరు. ఇన్వర్టర్‌ను డాబా మీద మెట్ల గదిలో పెట్టి, అక్కడి నుంచి మీటరుకు 30 మీటర్లు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగుతారు. అందులోనే 6 వోల్టులు. ఇన్వర్టర్ కొలిచేది తన కాళ్ల దగ్గరి వోల్టేజ్, మీటరు దగ్గరిది కాదు. లైను 247 ఉన్నా దానికి 253 కనిపిస్తుంది. అదే దూరానికి 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 2.4. ఇంకా మేలైన పని, ఇన్వర్టర్‌ను కిందికి, మీటరు పక్కకు తేవడం. పొడుగు వైరు డీసీ వైపు ఉండనివ్వాలి. డీసీ వైపు కరెంటు తక్కువ, అక్కడ నాలుగు వోల్టులు పోయినా రోజుకు అర యూనిట్ కూడా పోదు, ఇన్వర్టర్ తెగదు. కింద గోడ నీడలో పెడితే మే ఎండకు దానికీ హాయి. పైన రేకుల గదిలో పెట్టిన ఇన్వర్టర్లు వేడెక్కి తమ శక్తిని తామే తగ్గించుకుంటాయి.

ప్యానెళ్లు ఎక్కువ, ఇన్వర్టర్ తక్కువ

సప్లై పరిమితి ఇన్వర్టర్ బయటికిచ్చే ఏసీకి వర్తిస్తుంది, ప్యానెళ్ల మొత్తానికి కాదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలా దారులు తెరుచుకుంటాయి. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. వరంగల్‌లో 43 డిగ్రీల ఎండలో పలక లోపల 68 దాకా ఉంటుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున అక్కడే పదిహేను శాతం పోయింది. దుమ్ముకు, వైర్లకు ఇంకో ఐదు. అందుకే 5 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 6.5 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టినా మధ్యాహ్నం వృథా అయ్యేది కొంచెమే. పొద్దున, సాయంత్రం మాత్రం ఉత్పత్తి పైకి లేస్తుంది. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్ల లెక్కన 26 యూనిట్లు, అదీ ఐదు కిలోవాట్ల సర్వీసు మీద. ఇన్వర్టర్ కంపెనీ డీసీ వైపు ఎంతవరకు ఒప్పుకుంటుందో ముందే చూసుకోవాలి, దాటితే వారంటీ పోతుంది.

ఇక్కడ ఒక గుంత ఉంది, చదువుకున్న ఎలక్ట్రీషియన్లు కూడా పడతారు. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే కరెంటు ఏమీ లాగనప్పుడు ఉండే వోల్టేజ్, సుమారు 49.5. పన్నెండింటిని ఒకే వరసలో కలిపితే 594. చాలా సింగిల్ ఫేజు ఇన్వర్టర్లకు గరిష్ఠం 600. కాగితం మీద సరిపోయింది. కానీ వేడికి వోల్టేజ్ తగ్గినట్టే చలికి పెరుగుతుంది, డిగ్రీకి 0.27 శాతం. డిసెంబర్‌లో 10 డిగ్రీల ఉదయం సూర్యుడు పలక మీద పడగానే ఆ వరస 618కి చేరుతుంది. ఆదిలాబాద్ వైపు 5 డిగ్రీలకు పడే రోజుల్లో 626. ఎండాకాలమంతా నడిచిన ఇన్వర్టర్ సంక్రాంతి ముందు ఓ పొద్దున చచ్చిపోయిందంటే ముందు ఈ లెక్క చూడాలి, దీనికి వారంటీ వర్తించదు. పన్నెండు పలకలను ఆరేసి చొప్పున రెండు వరసలు చేస్తే ఏ చలికీ భయం లేదు. వేడిలో కూడా వరసకు 210 వోల్టులుంటాయి, అది చాలు. దాంతోపాటు ఇన్వర్టర్ ఒక్కో ఇన్‌పుట్ ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో చూడాలి. ఈ ప్యానెళ్లు 13 ఆంపియర్లిస్తాయి, పాత మోడల్ ఇన్వర్టర్లు 11 దగ్గరో 12.5 దగ్గరో ఆపేస్తాయి.

అన్నట్టు, సబ్సిడీ కోసం పెద్దది పెట్టడంలో అర్థం లేదు. పీఎం సూర్యఘర్ కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు. 3 దాటాక 10 పెట్టినా అంతే. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికైతే పెద్ద సోలార్ ఆలోచనే అనవసరం.

బయటికి పోనివ్వకుండా

లైను తీసుకోలేనప్పుడు మిగిలిన దారి ఎక్స్‌పోర్ట్ లిమిట్, అంటే బయటికి పోయే కరెంటుకు హద్దు పెట్టడం. మీటరు తర్వాత, ఇంటి లోడ్లకు ముందు, మెయిన్ వైరు మీద సీటీ (వైరు చుట్టూ ఉండి కరెంటును కొలిచే రింగు) బిగిస్తారు. అది ఎటు ఎంత కరెంటు పోతోందో చూసి ఇన్వర్టర్‌కు చెబుతుంది. బయటికి 2 కిలోవాట్లకు మించనీయకు అని అమర్చితే, ఇంట్లో ఏసీ, మోటరు కలిసి 3 కిలోవాట్లు వాడుతున్న సమయంలో ఇన్వర్టర్ 5 ఇస్తుంది, అవి ఆగితే 2కు దిగుతుంది. వోల్టేజ్ పెంచేది బయటికి పోయే కరెంటే, ఇంట్లో ఖర్చయ్యేది కాదు. కాబట్టి బోరు మోటరు, గీజరు, వాషింగ్ మెషీన్ పన్నెండు నుంచి రెండు మధ్యకు మార్చుకోవడం కూడా ఒక రకం లైను బలోపేతమే. టైమర్ స్విచ్ ఖర్చుతో పోతుంది.

తప్పు జరిగేది సీటీ దగ్గరే. దాని మీద బాణం గుర్తు ఉంటుంది. తిరగేసి పెడితే ఇన్వర్టర్ ఎక్స్‌పోర్టును ఇంపోర్టు అనుకుని, తగ్గాల్సిన చోట పెరుగుతుంది. త్రీ ఫేజులో ఒక ఫేజు సీటీ ఇంకో ఫేజుకు తగిలించినా అంకెలు నమ్మేలాగే ఉంటాయి, లెక్క మాత్రం తప్పుతుంది. ఒక్కో ఫేజు మీద విడిగా గీజరు వేసి, యాప్‌లో అదే ఫేజు అంకె పెరుగుతోందా చూడటం తప్ప వేరే పరీక్ష లేదు. సీటీ నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే సన్న వైరును ఎలుక కొరికితే ఏమవుతుందన్నది కూడా బిగించిన రోజే చూసుకోవాలి. ఆ వైరు ఊడదీసి చూడండి, ఇన్వర్టర్ తగ్గాలి. పూర్తి శక్తితో నడుస్తూ ఉంటే సెట్టింగు సరిగా లేదు.

ఇన్వర్టర్‌లోనే ఇంకో వసతి ఉంటుంది, వోల్ట్-వాట్ అంటారు. 248 దాటగానే మెల్లగా శక్తి తగ్గించుకుంటూ 253 చేరకుండా చూస్తుంది. తెగి, కాసేపాగి, మళ్లీ కలిసే బదులు 5 నుంచి 3 కిలోవాట్లకు దిగి నడుస్తూనే ఉంటుంది. చాలా మోడళ్లలో ఇది ఉండీ, ఆఫ్‌లో ఉంటుంది. రియాక్టివ్ పవర్ (పనికి ఖర్చు కాకుండా లైనులో అటూ ఇటూ తిరిగే శక్తి, కేవీఏఆర్‌లలో కొలుస్తారు) తీసుకుని వోల్టేజ్ దించే పద్ధతి కూడా ఉంది గానీ, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకొచ్చే సన్న తీగల్లో దాని ప్రభావం తక్కువ, పెరుగుదలలో ఏ పదో పన్నెండో శాతం కోస్తుంది.

కొందరు ఇన్‌స్టాలర్లు చేసే పని వేరు. ఇన్వర్టర్‌లో ఏ దేశం గ్రిడ్ నియమాలు పాటించాలో చెప్పే సెట్టింగు మార్చి, తెగే గీతను 270కి లేపుతారు. ఫిర్యాదు ఆ రోజుతో ఆగుతుంది. ఆ వోల్టేజ్ మాత్రం అదే స్తంభం మీదున్న నాలుగిళ్ల ఫ్రిజ్‌లకూ, టీవీలకూ పోతుంది. నిబంధనకు విరుద్ధమన్న మాట అలా ఉంచితే, పక్కింటివాళ్ల ఫ్రిజ్ కాల్చి మన యూనిట్లు పెంచుకోవడం పద్ధతైన పని కాదు.

మిల్లుల సంగతి

చిన్న మిల్లులకు ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. జగిత్యాల, మెట్‌పల్లి వైపు పసుపు, కారం ఆడించే యూనిట్‌కు 30 హెచ్‌పీ శాంక్షన్ ఉందనుకుందాం, 22 కిలోవాట్లు. పగటి లోడు నడుస్తుంటే సోలార్ అంతా లోపలే ఖర్చవుతుంది, వోల్టేజ్ గొడవ లేదు. బిల్లులో వస్తుంది గొడవ. మోటర్లు 0.85 పవర్ ఫ్యాక్టర్ (లైను మోసే మొత్తంలో నిజంగా పనికొచ్చే వంతు) మీద 22 కిలోవాట్లు లాగితే, వాటికి 13.6 కేవీఏఆర్ రియాక్టివ్ కూడా కావాలి. సోలార్ 18 కిలోవాట్లిస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 4 కిలోవాట్లే, కానీ 13.6 కేవీఏఆర్ అలాగే గ్రిడ్ మీదే ఉంది. మీటరుకు కనిపించే పవర్ ఫ్యాక్టర్ 0.28. కేవీఏహెచ్ లెక్కన, అంటే రియాక్టివ్‌ను కూడా కలిపి, బిల్లు పడే సర్వీసులో 4కు బదులు 14 రాసుకుంటుంది. సోలార్ పెట్టినా బిల్లు అనుకున్నంత తగ్గలేదని మిల్లు యజమాని తల పట్టుకునేది ఇందుకే. పాత కెపాసిటర్లను పట్టించుకోకుండా వదిలేసిన మిల్లుల్లో ఇది తప్పదు. 10 కేవీఏఆర్ కెపాసిటర్లు కలిపితే 0.74కు వస్తుంది. మోటర్లు ఆగినప్పుడు కెపాసిటర్లు అలాగే ఉంటే ఉల్టా వోల్టేజ్ పెంచుతాయి కాబట్టి ఆటోమేటిక్ ప్యానెల్ కావాలి, అదీ సోలార్ ఉందని తెలిసి కొలిచే రకం. ఇన్వర్టర్‌నే కొంత రియాక్టివ్ ఇచ్చేలా అమర్చడం ఇంకో మార్గం.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో డీజిల్ జనరేటరు కూడా ఉంటుంది. కరెంటు పోగానే మామూలు ఇన్వర్టర్ ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసేవాళ్ల ప్రాణం కోసం అలాగే ఆగాలి. జనరేటరు ఎక్కగానే దాన్నే గ్రిడ్ అనుకుని మళ్లీ కలుస్తుంది. కంప్రెసర్ ఆగిన క్షణంలో సోలార్ అంతా జనరేటరు మీదికి తిరుగుతుంది, రివర్స్ పవర్‌కు ఇంజిన్ దెబ్బతింటుంది. 62.5 కేవీఏ సెట్టు మీద కనీసం 15 కిలోవాట్ల లోడు ఎప్పుడూ ఉండేలా సోలార్‌ను తగ్గించే కంట్రోలరు పెట్టాలి. అంత ఖర్చు వద్దంటే, జనరేటరు వైపు ఉన్నప్పుడు సోలార్‌ను పూర్తిగా విడదీసే కాంటాక్టరు ఇంటర్‌లాక్ చాలు.

డాబా మీద

హనుమకొండ గుట్టల చుట్టూ, కరీంనగర్ గ్రానైట్ నేలల్లో ఎర్తింగ్ తేలిగ్గా దొరకదు. మొరంలో గుంత తీసి రాడ్డు దింపితే పదిహేను ఓములు చూపిస్తుంది. 5 లోపు రావాలంటే బెంటోనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) నింపి రెండు మూడు రాడ్లు, రాడ్డు పొడవంత దూరంలో పెట్టి కలపాలి. డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి వేర్వేరు ఎర్తులు.

కోతులున్న ఊళ్లో ప్యానెళ్ల కింద వేలాడే వైరు ఒక్క పూట కూడా ఉండదు. ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు పట్టుకుని కోతులు ఊగుతాయి. వైర్లన్నీ స్ట్రక్చర్ గొట్టాల్లోంచి పోవాలి. ఒక కంపెనీ ఎంసీ4కు ఇంకో కంపెనీది జత చేయకూడదు, నొక్కితే టక్కుమని కలిసినా లోపల పట్టు వదులు, మే ఎండలో కరిగేది అక్కడే.

అల్యూమినియం సర్వీసు వైరును రాగి టెర్మినల్‌లో నేరుగా దూర్చి బిగించడం మన దగ్గర పాత అలవాటు. అయిదు ఆంపియర్లు పోయేటప్పుడు అది బయటపడదు. రోజూ ఆరు గంటలు ఇరవై ఆంపియర్లు పోతే ఏడాదిలో నల్లబడుతుంది. బైమెటాలిక్ లగ్గు క్రింప్ చేసి బిగించాలి, నెలకు ఒకసారి కట్-అవుట్ (మీటరు దగ్గరి ఫ్యూజు పెట్టె) మూత మీద చెయ్యి పెట్టి చూడాలి. మొదటి మే నెలలో ఇన్వర్టర్ యాప్ తెరిచి మధ్యాహ్నపు ఏసీ వోల్టేజ్ రాసిపెట్టుకుని, గీజరు లెక్క చెప్పిన అంకెతో పోల్చితే, ఏ తేదీ నుంచి తేడా పెరిగిందో కనిపిస్తుంది. రెండు వోల్టుల తేడా వాతావరణం. ఆరు వోల్టుల తేడా ఒక లగ్గు.